వంటింటి గడప దగ్గర నాపరాయి

సైదా,

ఎలా ఉన్నావని అడగడం నాకు చేతకాదు. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటాయి. "నీ రాత కంటే కోడి గెలికిన నేల నయం" అనేదానివి కదా... ఎలాగో సర్దుకుని చదువుకో.

ముందు నీకు కావలసింది చెబుతాను. చిన్ని బాగానే తింటోంది. మూడున్నరేళ్లు నిండాయి. నువ్వు కుట్టిన గౌన్లు మోకాళ్ల పైకి వచ్చేశాయి. మాట మాత్రం ఇంకా రాలేదు.

"దాని మాటకేం తొందరయ్యా? వాళ్ల నాన్న నోరు మూతపడితే అప్పుడు మొదలుపెడుతుందిలే" అనేదానివి. నువ్వు పోయాక నా నోరు మూతపడింది సైదా. అది మొదలుపెట్టలేదు.

పైగా, వినడం కూడా మానేసింది.

నువ్వు వంటింటి గడప దగ్గర నిలబడి "చిన్నీ" అంటే చాలు, ముందుగదిలో నేలమీద ఆడుకునే పిల్ల గిరుక్కున తిరిగేది. ఒకసారి కాదు, రోజూ చూశాను. నువ్వు పోయినప్పటినుంచీ నేను గొంతు చించుకున్నా, చెవి పక్కన పళ్లెం వాయించినా తిరగడం లేదు. తల్లి పోతూ పోతూ పిల్ల చెవులు పట్టుకుపోయిందని మా అక్క దర్శి ఊరంతా చాటింది. దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. నేను కాదనలేదు. నాకూ అలాగే అనిపించింది మరి.

ఒంగోలులో చెవుల డాక్టరమ్మ ఎప్పటినుంచి ఇలా అని అడిగింది. తల్లి పోయినప్పటినుంచి అన్నాను. పుట్టినప్పటినుంచి కాదు కదా అని మళ్లీ అడిగింది. ఒళ్లు మండింది నాకు. తల్లి పిలిస్తే తిరిగేదని గట్టిగా చెప్పాను. మందిచ్చి నిద్రపుచ్చి పరీక్ష చెయ్యాలంది. నిద్రపోయిన పిల్ల లేవకపోతే? నువ్వూ జ్వరంతో నిద్రపోతున్నావనే అనుకున్నాను కదా ఆ రోజు... పిల్లని చంకనేసుకుని వచ్చేశాను. ఆలస్యమయ్యేకొద్దీ మాట నేర్పడం కష్టమని ఆవిడ వెనకనుంచి చెబుతూనే ఉంది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు, వీధి వీధంతా దగ్గుతోంది. పొద్దున పదకొండింటికి కరెంటు తీసేస్తున్నారు. ముందుగదిలో దూది ఏకే మిషను ఆగిపోతుంది. అంతసేపు ఆ మోత విన్నాక అది ఆగితే ఎలా ఉంటుందో నీకు తెలుసు. గాలిలో దూది పింజలు కూడా కదలకుండా నిలబడ్డట్టు ఉంటాయి.

అప్పుడు తిరుగుతుంది చిన్ని. నేలమీద అరచెయ్యి ఆనించి కూర్చున్న పిల్ల, ఎవరో పిలిచినట్టు వంటింటి వైపు తిరిగి నవ్వుతుంది. లేచి గడప దాకా వెళ్లి, ఎత్తుకోమని రెండు చేతులూ పైకెత్తుతుంది. కాసేపు అలాగే నిలబడి, ఎవరో దింపినట్టు మెల్లగా కూర్చుంటుంది.

వంటింట్లో ఎవరూ లేరు సైదా. నువ్వు పోయాక నేను ఆ గడప దాటలేదు. కూడు మా అక్క ఇంటినుంచి క్యారియర్లో వస్తోంది. ఆమె కూడా పిల్లని అలా ఒకసారి చూసినప్పటినుంచీ క్యారియర్ అరుగుమీద పెట్టి అటునుంచి అటే పోతోంది.

నేను ఎంతమందిని భయపెట్టానో నీకు తెలియందా? పరుపు గలీబులో దూరి పాలాయన మీదకి దొర్లినవాణ్ణి. ఎవడో ఆ బాకీ నాకు తిప్పి తీరుస్తున్నాడనుకున్నాను. చూద్దాం నీ పని అని, గడప ఇవతల నుంచే వంగి, వంటింటి నేలమీద ఏకిన దూది పల్చగా పరిచాను. దానిమీద చీమ నడిచినా జాడ పడుతుంది.

మర్నాడు కరెంటు పోయింది. చిన్ని తిరిగింది, నవ్వింది, చేతులెత్తింది.

దూది ఎక్కడిదక్కడే ఉంది.

పిల్ల మళ్లీ నాకు వీపు పెట్టి కూర్చున్నాక, ఏదైతే అదైందని గడప దాటాను. కాలికింద నాపరాయి టక్కుమని కదిలింది. చిన్ని గిరుక్కున తిరిగింది! కాలు తీసి మళ్లీ వేశాను. మళ్లీ తిరిగింది. నన్ను చూసి కాదు... నా వెనక ఎవరున్నారో అని పక్కకి వంగి చూసింది. ఎవరూ కనపడక, నా ముఖం చూసింది. ఆ చూపు నా కళ్లముందునుంచి ఇప్పటికీ పోలేదు.

గునపంతో ఆ రాయి ఎత్తాను. చుట్టూ సిమెంటు అట్లకాడతో గీకేసినట్టుంది. కింద, సరిగ్గా మధ్యలో, నా మిషను నట్టు!

దాదాపు మూడేళ్ల కిందట దానికోసం ఇల్లంతా తలకిందులు చేశాను, మెకానిక్కుని దొంగని చేశాను. నువ్వేమన్నావు? "ఊడింది మిషనుదో నీదో ముందు చూసుకో" అన్నావు. ముందుగదిలో పరుపులకి వచ్చినవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాన్ని ఇంట్లోనే పాతిపెట్టి నా ముందు అంత నిబ్బరంగా ఎలా నిలబడ్డావు?

అంటే చిన్నికి ఎప్పుడూ వినపడలేదు. నువ్వు నోటితో పిలిచి, కాలితో రాయి తొక్కేదానివి. అది అరచేత్తో వినేది. నేను చాటునుంచి వెళ్లి దాని వెనక కాగితం సంచి టపీమని పగలగొడితే కన్ను కూడా ఆర్పకపోయేసరికి, మస్తాను కూతురు పులి అని ఊరంతా చెప్పుకున్నాను. నువ్వు పక్కనే ఉండి వినేదానివి.

ఎందుకు దాచావు? మూడు రోజులు ఆలోచించాను. నాలుగో రోజు గుర్తొచ్చింది.

మన వీధి చివర టైలరు సుబ్బయ్య గారు. పుట్టు చెవిటి. టీ బంకు దగ్గర నేను ఆయన ముందు చేరి, ఉత్తుత్తినే పెదాలు ఆడిస్తూ పెద్ద కథ చెప్పినట్టు నటించేవాణ్ణి. ఆయన తల ఊపేవాడు, జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. ఒకరోజు ఆ వేషం ఇంట్లో నీ ముందు వేశాను. చిన్ని నీ ఒళ్లో ఉంది, ఏడాది కూడా నిండలేదు. నా వేషాలన్నిటికీ తిడుతూనే నవ్వేదానివి. ఆ రోజు నవ్వలేదు. "బాగుంది" అన్నావు. పిల్ల తలమీద కొంగు కప్పి లోపలికి వెళ్లిపోయావు.

నా నట్టు పోయింది ఆ వారమే కదా?

కట్టుకున్నవాడి నోటికి భయపడి కన్నపిల్ల చెవులు దాచావు. ఎన్నాళ్లు దాద్దామనుకున్నావు సైదా? పెద్దయ్యేదాకా ఆ రాయి మీదే నిలబడదామనుకున్నావా? ఒక్కమాట నన్ను తిట్టి చెప్పి ఉంటే... లేదులే. నిన్ను తిట్టే హక్కు నాకెక్కడిది.

నిన్న పిల్లని సుబ్బయ్య గారి దగ్గరికి తీసుకెళ్లాను. చేతులు జోడించాను. ఆయన భార్య నవ్వుతూ చెప్పిందేమిటంటే, ఆయన పెదాలు చూసి మాట పట్టేస్తాడట. నేను ఏమీ చెప్పడం లేదని మొదటి రోజే తెలుసట. పాపం, పదిమందీ నవ్వుతున్నారు కదా అని తల ఊపేవాడట. చిన్నికి నీళ్లు కావాలంటే చెయ్యి ఎలా పెట్టాలో చూపించాడు. రెండోసారికే పెట్టేసింది.

రేపు తెల్లారి బస్సుకి ఒంగోలు వెళుతున్నాం. పుట్టినప్పటినుంచే అని డాక్టరమ్మకి చెబుతాను. నా గొప్పలు, నీ రాయి, అన్నీ చెబుతాను. మందిచ్చి పడుకోబెడితే, అది లేచేదాకా దాని చెయ్యి వదలను. భయమా అంటే, ఉంది.

ఇంకొకటి ఉంది. రాద్దామా వద్దా అని ఇంతసేపు ఆగాను.

ఇవాళ పొద్దున, నట్టు తీసేసిన ఆ గుంటలో ఇసుక పోసి రాయి చదునుగా వేశాను. ఎక్కి గెంతినా కదలలేదు. నట్టు నా చొక్కా జేబులో వేసుకున్నాను. పదకొండింటికి కరెంటు పోయింది. నేల అదిరేలా మిరపకాయల లారీ ఏమన్నా వస్తోందేమోనని రోడ్డు చూశాను. ఖాళీ.

చిన్ని తిరిగింది. నవ్వింది. చేతులెత్తింది.

దాని పక్కన నేలమీద చెయ్యి ఆనిద్దామని కూర్చున్నాను. ఆనించలేకపోయాను సైదా. జేబులో నట్టు మాత్రం వేడిగా ఉంది... ఎండకే అయ్యుంటుంది.

సాయంత్రం ఇసుక తోడేసి, నట్టు మళ్లీ దాని చోట పెట్టాను. మిషనుకి ఇంకోటి కొంటాను. ఇక ఆ రాయి మీద నిలబడి పిలిచేది నేను. నా వెనక నిన్ను వెతికినా సరే, నన్ను చూసేదాకా తొక్కుతాను. పదకొండింటికి మాత్రం ఆ చోటు నీది.

రేపు కాదు, ఎల్లుండి ఇంట్లోనే ఉంటాం. రెండుసార్లు తొక్కు. ఈసారి నేను కూడా చెయ్యి ఆనించి ఉంచుతాను.

నీ
మస్తాను