రాక్షసి పాటకు వన్స్ మోర్

తిరుపతి, 11-11-2024, ఉదయం

బాలచిత్ర సంఘం కార్యదర్శి రఘునాథ్ గారికి,

మా ఇంట్లో ఉండి ఒకటో తరగతి చదివే మనవరాలు పల్లవి, నిన్న మీ హాల్లో సినిమా చూసి వచ్చినప్పటి నుంచి అన్నం తినడం లేదు. నిన్న మధ్యాహ్నం రెండు ముద్దలు, రాత్రి ఒకటి, ఈ పొద్దున సున్నా. అందుకే రాస్తున్నాను. ఇంటర్వెల్లో పిల్లకు ఏం పెట్టారు? జవాబు ఈ ఉత్తరం తెచ్చిన మా ఆయన చేతికే ఇవ్వండి.

ఇట్లు,
శకుంతలమ్మ, రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్

తా.క. ఫోను చేయవద్దు. ఫోనులో అన్న మాటను తరవాత ఎవరూ ఒప్పుకోరు.

*

టీచరమ్మ గారికి నమస్కారాలు.

పెట్టింది ఒక్క బిస్కెట్టు. అదే పాకెట్టులోది నేనూ తిన్నాను, బాగానే ఉన్నాను. సినిమా కూడా చెడ్డది కాదండి. బొమ్మల్ని చేత్తో వెంట్రుకవాసి జరుపుతూ, ఒక్కో ఫొటో తీస్తూ కూర్చిన పాత విదేశీ చిత్రం. మన పద్యనాటకంలాగా అందులో మాటలన్నీ పాటలే. ఒక రాక్షసి ఒక పాపను ఇంట్లో పెట్టుకొని, వెన్న రొట్టెలు తినిపిస్తూ, వారం వారం తూకం వేస్తుంది. బరువు చాలగానే తినేయాలని.

విధేయుడు,
రఘునాథ్

తా.క. నేను మీ దగ్గరే ఏడో తరగతి చదివాను. తప్పులుంటే దిద్దగలరు.

*

అదే రోజు, మధ్యాహ్నం

రఘునాథ్,

తప్పులు లేవు. సంగతి అర్థమైంది. ప్రతి ఆదివారం పల్లవిని తూచి కాలెండరు మీద రాసేది నేనే. ఇందాక కంచం పెడితే చెయ్యి చాపి, "సూడవ్వా, నేనింకా సన్నంగానే ఉండాను. ఇంకో వారం ఆగు" అంది. నెయ్యి వేయబోతే మంచం కిందికి దూరింది. ముప్పై ఆరేళ్లు పిల్లలు నన్ను చూసి భయపడ్డారు, కానీ తినేస్తానని ఎవరూ అనుకోలేదు. చివరికి ఆ పాప తప్పించుకుంటుందా? తప్పించుకుంటే ఆ సంగతి పల్లవికెందుకు తెలియదు?

ఇట్లు,
శకుంతలమ్మ

తా.క. ఆ రాక్షసికి కళ్లద్దాలున్నాయా? నిజం రాయి.

*

టీచరమ్మ గారికి,

కళ్లద్దాలున్నాయి. పాప తప్పించుకుంటుంది. కానీ ఆ భాగం ఎవరూ చూడలేదు. రాక్షసి పాట అయిపోగానే ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి "వన్స్ మోర్" అన్నారు. నాటకాల్లో అలవాటే కదా అని వెనక్కి తిప్పి వేశాం. "ఏం గొంతప్పా అది, ఇంగొగసారి ఎయ్యండబ్బా" అంటూ నాలుగుసార్లు వేయించారు. పన్నెండింటికి హాలు పెళ్లివాళ్లకు అప్పగించాలి. తూకం దగ్గరే ఆపేశాం.

క్షమాపణలతో,
రఘునాథ్

తా.క. పేరు రాయవద్దని ఆ పెద్దాయన నా ఎదుటే నిలబడి బతిమాలుతున్నారు. రాయను. ఈ ఉత్తరం మీ చేతికిచ్చేది ఆయనే.

*

12-11-2024, ఉదయం

రఘునాథ్,

మా ఆయన ఒప్పుకున్నారు. సినిమాలో పాప తప్పించుకుంటుందని పల్లవికి చెప్పాను. "రాక్షసి గూడా మంచిమాటలే సెప్తాదవ్వా" అంది. ఇక నా మాట చెల్లదు.

ఇట్లు,
పల్లవి అవ్వ

తా.క. జరగవలసినవి:
1. ఈ సాయంత్రం ఐదింటికి మిగిలిన సినిమా వేయాలి. పిల్ల ఆదివారం దాకా ఆగలేదు.
2. మా ఆయన బయట చెప్పుల దగ్గర కూర్చుంటారు.
3. పాప తప్పించుకునే చోట నేనే లేచి వన్స్ మోర్ అంటాను. పల్లవి చాలనేదాకా వేయాలి.
4. వచ్చేటప్పుడు పల్లవి నా చెయ్యి పట్టుకొని ఇంటికి రావాలి. ఈ పని ఎవరికి అప్పగించాలో తెలియక ఊరికే రాశాను.