వేపచెట్టు చుట్టూ నా వాకింగ్

ఫరీదాబాద్

బావగారు లక్ష్మీనారాయణ గారికి శశిధర్ నమస్కారాలు.

ఫోన్‌లో మీకు సరిగా వినబడదు కనుక రాస్తున్నాను. నా షుగరు గీత దాటబోతోందట. శివరాత్రి దాకా రోజూ నడవండి, తగ్గకపోతే మాత్రలే అన్నాడు డాక్టరు. మాత్రలంటే నాకెంత భయమో మీకు తెలుసు. మీ చెల్లెలు కావేరి మాత్రం మంచం కింది యోగా చాప, అటకెక్కిన డంబెల్స్ చూపించి "మీరా! వారం కూడా నడవరు" అని నవ్వింది.

అయినా మొదలుపెట్టాను. కాలనీ పార్కులో వేపచెట్టు చుట్టూ తిరుగుతున్నాను. కొత్త బూట్లు కరిచాయి కనుక ఉత్త కాళ్ళతోనే. లెక్క తప్పకుండా పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

ఇట్లు,
శశిధర్

తా.క. అందరూ నాకు ఎదురు తిరుగుతారు. గుళ్ళో అలవాటు, ప్రదక్షిణంగా తప్ప నా కాళ్ళు కదలవు.

తెనాలి

చిరంజీవి శశిధర్‌కు ఆశీస్సులు.

సంతోషం. కొద్దికొద్దిగా పెంచుకో, మానకు. నన్ను చూడు, భోంచేశాక మాత్రలతో రెండో భోజనం. అక్కడివాళ్ళతో కలుపుగోలుగా ఉండు. ప్రేమగా ఏమిచ్చినా కాదనకు.

ఆశీస్సులతో,
లక్ష్మీనారాయణ

తా.క. కావేరి నవ్విందంటే ఏదో ఎత్తు వేసిందన్నమాటే. చిన్నప్పటి నుంచీ అంతే.

ఫరీదాబాద్

బావగారికి నమస్కారాలు.

మీ మాట విని ఇరుక్కున్నాను. పార్కు ఆంటీలంతా నాది మొక్కు అంటున్నారు! "వాకింగ్ హై జీ" అని మొత్తుకుంటే, "అచ్ఛా భయ్యా, మన్నత్ బయటికి చెప్పకూడదులే" అంటుంది ప్రీతి ఆంటీ. డాక్టరు నడవమన్నాడంటే, పెద్ద జబ్బే అనుకుని కళ్ళొత్తుకుంది. రోజూ హల్వా ప్రసాదం పెడుతున్నారు. ప్రసాదం కాదంటే కళ్ళు పోవూ? తింటున్నాను. ఇవాళ పొగమంచులో నా చెయ్యి నాకే కనబడలేదు. మానేద్దామనుకునేసరికి కిటికీ కింద ఆంటీలు! మొక్కు మధ్యలో ఆపకూడదట. చలికి మేజోళ్ళు వేసుకుంటే దేవుడు ఏమీ అనుకోడని వాళ్ళే తేల్చారు.

ఇట్లు,
శశిధర్

తా.క. హల్వాలో తీపే ఉండదు. పాపం, ఈ ఊరివాళ్ళకు హల్వా చేతకాదు.

తెనాలి

శశిధర్‌కు,

మొక్కా! ఊరికే ఎవరూ మొక్కరు. పెద్ద జబ్బేదో దాస్తున్నావు. శివరాత్రి మర్నాటికి టికెట్ తీసుకున్నాను. మీ అక్కయ్య ఏడుస్తూనే సున్నుండలు చేసి పంపింది.

దిగులుతో,
లక్ష్మీనారాయణ

తా.క. డబ్బాలో తక్కువుంటే పోస్టువాళ్ళను అనకు. దిగులేస్తే నాకు ఆకలెక్కువ.

ఫరీదాబాద్

బావగారికి వేల నమస్కారాలు.

జబ్బు లేదు, గిబ్బు లేదు. షుగరు దిగింది! మాత్రలు అక్కర్లేదన్నాడు డాక్టరు. ఆ కాగితం పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. గుమ్మంలో ప్రీతి ఆంటీ, మన స్టీలు డబ్బా కావేరికి తిరిగిస్తూ కనబడింది. హల్వా మన వంటింట్లోదే. సొరకాయ, పాలు, యాలకులు, అంతే.

"చాప వదిలేశారు, డంబెల్స్ వదిలేశారు. ఏడుకొండలవాడి మొక్కు మాత్రం ఒక్కటీ ఎగ్గొట్టలేదుగా! అందుకే అది మొక్కని ఆంటీలకు నేనే చెప్పాను" అంది మీ చెల్లెలు.

కోప్పడదామని నోరు తెరిచి నవ్వేశాను. నా కోసం ఆవిడ అబద్ధమాడింది, పరాయివాళ్ళు చలిలో వచ్చి కిటికీ కింద నిలబడ్డారు. ఎంత అదృష్టవంతుణ్ణి బావగారూ! మీ సున్నుండలు ఆంటీలకు పంచి, నేను మాత్రం ఒకే ఒక్కటి తిన్నాను. రేపు కూడా నడవడానికి వెళ్తున్నాను.

కృతజ్ఞతలతో,
శశిధర్

తా.క. టికెట్ రద్దు చేయకండి. ఈ మొక్కులో సగం మీదేనని కావేరి వాళ్ళకు చెప్పేసింది. ఆంటీలు మీ కోసం ఎదురుచూస్తున్నారు. మేజోళ్ళు తెచ్చుకోండి.