డ్రయర్‌లో గ్లవ్స్

ఫిబ్రవరి 2014, ఆదివారం రాత్రి, ప్లెయిన్స్‌బరో

ఇంగ్లండ్‌లో ఒక విమెన్స్ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ళు గోల్‌కీపర్ కాంట్రాక్ట్ పంపినప్పటి నుంచి అమ్మ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. "ఫార్మసీ సీటు వదిలేసి బంతులు పట్టుకుంటావా?" అని ఒక్కసారి అడిగింది, అంతే. సంతకానికి రేపే ఆఖరు.

ఇవాళ నా మ్యాచ్ గ్లవ్స్ బట్టలారబెట్టే డ్రయర్‌లో కనిపించాయి. వేడికి అరచేతి రబ్బరు పెళుసెక్కి ఊడిపోతోంది. వాటితో ఇక బంతి ఆగదు. కావాలనే చేసిందనుకుని అమ్మ మీద అరిచేశాను.

అమ్మ బిత్తరపోయింది. "చెమట వాసన కొడుతుంటే ఉతికానే. అక్కడికి అలాగే తీసుకెళ్తావా?"

అంటే వెళ్ళమన్నట్టేనా? సారీ చెప్పకుండానే గదిలోకి వచ్చేశాను.

కాంట్రాక్ట్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెన్ను తీయకుండా ఆ పాడైన గ్లవ్సే పట్టుకున్నాను. వాటికి ఇప్పుడు మా ఇంటి బట్టల వాసన వస్తోంది.