అక్కకు ఊపిరి ఆడతాండాది

సోమవారం రాత్రి, కళ్యాణదుర్గం

ఈ పొద్దు అక్క మిద్దె మీదికెక్కి బట్టలు ఆరేసింది. మొన్నటిదాకా నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. ఆస్తమాకు వాడే పాత ఇన్‌హేలర్‌కు తోడు అనంతపురం డాక్టరమ్మ టయోట్రోపియం అని ఇంకొకటి రాసిచ్చినాక ఇట్లా తేరుకుంది. రోజుకొకసారి పీలిస్తే రోజంతా ఊపిరి గొట్టాలు బిగుసుకోకుండా చూస్తుందంట. పాతది మాత్రం మానొద్దనింది. ఉన్నట్టుండి ఆయాసమొస్తే ఈ కొత్తది పనికిరాదని కూడా చెప్పింది. నోరెండుతాందని అక్క నీళ్ల చెంబు పక్కనే పెట్టుకుంటాండాది.

నేను సంతోషపడేలోపే, సాయంత్రం అక్క క్యారియర్ తీసి కడిగింది.

"యాడికక్కా?"

"రేపట్నుంచి మిల్లుకు పోతా. ఊపిరి ఆడతాండాది కదా."

శెనక్కాయల మిల్లు. ఆ పొట్టు దుమ్ముతోనే రోగం ఇంత ముదిరింది.

"డాక్టరమ్మ దుమ్ములోకి పోవద్దనింది కదా?"

"ఆయమ్మ మందిచ్చింది. పనిస్తాదా?"

కోపంగా అనలేదు. బావ పోయినాక నా కుట్టుమిషన్ ఒక్కదాంతో ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు. ఈ మందు పనిచేయకపోయింటే ఇంట్లోనే ఉండేదేమో అనిపించింది. అట్లా ఎట్లా అనుకున్నానో...

పాత నూలు చీర కత్తిరించి, ముక్కుకు కట్టుకోను రెండు పొరల గుడ్డ కుట్టిచ్చినా. ఇంకో పొర వేసేదా అని అడిగినా.

"వద్దులే, ఊపిరాడదు" అనింది.