మూడోసారి చెప్పాక ఏం చేస్తారు?

గఫ్సా

నాయనా లమ్జద్,

మోకాళ్లు తప్ప నేను బాగానే ఉన్నాను. పక్కింటి రబియా చేత రాయిస్తున్నాను. కుళాయిల్లో నీళ్లు రాక ఆడవాళ్లమంతా రోడ్డు మీద కూర్చుంటే పోలీసులు వచ్చారు. కానీ ఎవరూ లాఠీ ఎత్తలేదు. చట్టం మారిందట, ఇప్పుడు లాఠీ ఎత్తేముందు దారి చూపించి, వెళ్లమని మూడుసార్లు చెప్పాలట. కుర్ర అధికారి "ఇటు ఇంటికెళ్లవే అవ్వా" అన్నాడు.

"వెళ్లి ఏం తాగనురా? అది లేదా నీ చట్టంలో?"

"అది మాకింకా రాలేదవ్వా."

రెండోసారి చెప్పేసరికి నీళ్లబండి వచ్చింది, లేచాం. గురువారం మళ్లీ కూర్చుంటాం. మూడోసారికీ కదలకపోతే ఏం చేస్తారు? ఆ నియమాలు తిరగరాసేది మీ ఆఫీసేగా, వెంటనే తెలియజెయ్యి. పాపకి పళ్లొచ్చాయా? కోడలికి, పాపకి నా దీవెనలు. ముందు వరసలో నేనుంటానని గుర్తుపెట్టుకుని ఆ నియమాలు రాయండి.

మీ అమ్మ మబ్రూకా