నాలుగు నీటి అణువులు

సత్తెనపల్లి,
11 జనవరి 2025.

మాధవీలతకు రెబ్కా వందనాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో అడగాలని నాకు లేదు. అమ్మ అడగమంది కాబట్టి అడిగాననుకో.

సైన్సు పత్రికలో నీ పేపరు చూశాను. గోంగూర పులుపులోని ఆమ్లానికి సోడియం చేర్చి మనం చేసిన ఆ ఉప్పు గురించే! దాని స్ఫటికంలో రెండే నీటి అణువులున్నాయని, నాలుగున్నాయన్న పాత ఫలితం మళ్లీ ఎవరికీ రాలేదని రాశావు. ఆ పాత ఫలితం తెచ్చినదానికి ఒక పేరుంది కదే. మూడేళ్లు హాస్టల్లో నీ పక్క మంచం దానిదే. ఆ పేరు రాయడానికి మాత్రం నీకు చేతులు రాలేదు.

సెమినార్ రోజు నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు. నా ఫలితం సరిచూడమని గైడు సార్ చెబితే, మే నెలలో అదే ఉప్పు నువ్వు చేశావు. ఏసీ పాడై ల్యాబ్ కుంపటిలా ఉంది. రెండే వచ్చాయి. అందరి ముందూ లేచి, మిగతా రెండు నీళ్లూ రెబ్కా ఏ బోరింగు నుంచి కొట్టుకొచ్చిందో అన్నావు. అంతా ఘొల్లుమన్నారు. నీళ్లు లెక్కతేల్చే ఎక్స్‌రే పరీక్షకు నేను పంపిన స్ఫటికం వేరే ఏదో ఉప్పుదని సార్ తేల్చేశారు. నా పీహెచ్‌డీ అక్కడితో సరి. ఇప్పుడు ఇక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను.

పోయిన నెల మంచు పడుతున్న రోజుల్లో కాలేజీ ల్యాబ్‌లో ఆ ఉప్పు మళ్లీ చేశాను. ఇరవై డిగ్రీలు దాటనివ్వలేదు. స్ఫటికాలు తూచి, వేడిచేసి, మళ్లీ తూచాను. తగ్గిన బరువు నాలుగు నీళ్లకు సరిగ్గా సరిపోయింది. చల్లగా ఉంటే నాలుగు, ఎండకు రెండు. ఇంతే సంగతి! దీనికే నా బతుకు బుగ్గి చేశారు.

నీకు సిగ్గంటూ ఉంటే ఆ పత్రికకు ఒక ఉత్తరం రాయి. రెబ్కా అబద్ధం చెప్పలేదని రాయి, చాలు.

ఉంటాను.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
రెబ్కా

తా.క.: కవరు అంటించి, మళ్లీ చింపాను. ఆ మే నెలలో ఉప్పు చేయడం మొదలుపెట్టే ముందు, ఎంత చల్లగా ఉంచాలే అని నువ్వు నన్ను రెండుసార్లు అడిగావు. ఎంతున్నా ఫర్వాలేదులే అన్నాను. ఇరవై దాటకూడదని నాకప్పుడే తెలుసు. నోటుబుక్కులో కూడా కావాలనే రాయలేదు. చెబితే నీకూ వచ్చేస్తుంది, పేపర్లో నీ పేరు ముందు పడుతుందని ఏడుపు. మా అమ్మ ఎవరికైనా పండుమిరప పచ్చడి కొలతలు చెప్పేటప్పుడు ఒకటి మింగేస్తుంది చూడు, అలా మింగేశాను. సెమినార్లో అంతా నవ్వుతున్నప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పితే దాచానని తెలుస్తుంది. దానికన్నా దొంగ ఫలితం తెచ్చిందనిపించుకోవడమే మేలనిపించింది. ఇప్పుడు పత్రికకు ఏం రాస్తావో రాసుకో.