బస్సు దగ్గర చేసిన ప్రార్థన

పిచ్చుక వాళ్ళ అమ్మకు,

ప్రభువు కృప నీ మీద ఉండుగాక. ఇక్కడ నేనూ మన అమ్మాయి పిచ్చుకా క్షేమంగానే ఉన్నాం. క్షేమం అన్న మాట రాసి చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాను. అబద్ధమేం కాదు, ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ, నువ్వు చూసుకునే ముసలివాళ్ళూ బాగున్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. వేళకు తింటున్నాం. వంటింటి కుళాయి బాగుచేయించాను. షాపులో పని ఉంది, ఒక ఆసుపత్రి కిటికీలకు ఊచలు వెల్డింగ్ చేస్తున్నాను. మొన్న వేడి ఊచ పట్టుకున్నాను. వాసన వచ్చాక గానీ కాలుతున్నది నా చెయ్యేనని తెలియలేదు. కంగారుపడకు, మందు రాశాను. నొప్పి కూడా పెద్దగా లేదు.

ఆదివారం చర్చిలో ఏం ప్రసంగం చేశావని అడిగావు. నా బదులు సంఘ పెద్ద చేశాడు. నేను గొంతు బాగాలేదన్నాను. "నీ గొంతుకేమయిందయ్యా! మైకు లేకుండా నాలుగు వీధులు లేపుతావు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

పిల్ల కోసం అక్కడ నువ్వు కొన్న చలికోటు ఏం చెయ్యమంటావని అడిగావు. పిచ్చుకను అడిగితే "ఏమో" అంది. నాకూ తెలియడం లేదు.

సెలవు పెట్టి, పిచ్చుక కోసం మ్యూజియం మెట్ల దగ్గర నిలబడ్డానన్నావు. స్కూలు పిల్లలు బస్సు దిగుతుంటే ఒక్కొక్క మొహమే చూశానన్నావు. అందరూ లోపలికి వెళ్ళిపోయాక కూడా వెనక ఇంకో బస్సు వస్తుందేమోనని ఆగానన్నావు. ఆ పేరా ఒక్కసారే చదివాను. మనకు విమానం టిక్కెట్టు కొనే స్తోమత లేకపోయినా, స్కూలు వాళ్ళే ఖర్చు పెట్టుకుని విజ్ఞాన యాత్రకు సరిగ్గా నువ్వున్న ఊరికే తీసుకెళ్తున్నారంటే, దేవుడే దారి తెరిచాడని నేను సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను.

జ్వరం తగ్గిందా అని అడిగావు. జ్వరం రాలేదు.

మ్యూజియం దగ్గర్నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు, జ్వరమొచ్చి పిల్లను పంపలేదని నీకు అబద్ధం చెప్పాను. పిచ్చుక పక్కనే కూర్చుని విన్నది. ఫోన్ పెట్టేశాక, "అమ్మకి నిజం నువ్వే చెప్పాలి నాన్నా. నేను చెప్పను. అడిగితే దాచను కూడా" అంది. అబద్ధం చెప్పిన నోటితో చెప్పలేక రాస్తున్నాను.

పిల్లకు ఫిట్స్ వచ్చేవన్న సంగతి స్కూల్లో తెలిస్తే తీసుకెళ్ళరని, ఎవరికీ చెప్పొద్దని ముగ్గురం అనుకున్నాం కదా. బయల్దేరే రోజు స్కూలు గేటు దగ్గర తల్లిదండ్రులు నన్నే ముందుకు తోశారు. "అయ్యగారూ, ఒక్క మాట ప్రార్థన చెయ్యండి" అన్నారు. "ఒక్క మాటేనండోయ్, విమానం మనకోసం ఆగదు" అన్నాడు డ్రైవరు. చక్రాల కోసం, రెక్కల కోసం, టీచరమ్మ కోసం ప్రార్థించి అక్కడితో ఆపాల్సింది. కళ్ళు తెరిస్తే కిటికీలో పిచ్చుక మొహం కనబడింది. ఇక నా సంగతి నీకు తెలుసు.

"ప్రభువా! నా బిడ్డకు ఆ ఫిట్స్ మళ్ళీ రానియ్యకు! దారిలో రానియ్యకు, నిద్రలో రానియ్యకు! తల్లి ఒడి చేరేదాకా నీ రెక్కల కింద దాచు!" అని వీధంతా వినపడేలా కేక పెట్టాను.

అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. టీచరమ్మ తెరిచింది.

"ఫిట్సా? ఎవరికండీ?"

"ఇప్పుడేం రావడం లేదమ్మా. మాత్రలు మానకపోతే వెళ్ళొచ్చని డాక్టరే చెప్పాడు."

"మరి మాకెందుకు చెప్పలేదు? అక్కడ ఏమైనా అయితే ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని నేనేం చెయ్యనండీ?"

ఆమెను తిట్టుకోకు. కోప్పడలేదు, ఏడుపు గొంతుతోనే అడిగింది. పిచ్చుక సంచీ తీసుకుని తనే దిగి వచ్చింది. "పద నాన్నా" అంది. అంతే. ఆ తర్వాత నువ్వు మెట్ల దగ్గర నిలబడేలోపు నీకు చెప్పడానికి సమయం ఉంది. ఫోన్ తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమన్న ప్రభువు మాట మీద నేనెన్నిసార్లు బల్ల గుద్ది చెప్పానో! దేవదూత మాట నమ్మనందుకు గుడిలో మాట పడిపోయిన బైబిల్లోని ఆ ముసలి యాజకుడి కథ చెప్పినప్పుడల్లా ఆయన మీద జాలిపడేవాణ్ణి. ఇప్పుడు అసూయగా ఉంది. ఏడుద్దామని మోకరించాను. ఏడుపు రాలేదు. గ్రంథం తెరిచి చూస్తే అక్షరాలు అక్షరాల్లాగే ఉన్నాయి.

నన్నేమన్నా పడతాను. నాతో మాట్లాడకపోయినా సరే, పిల్లకు మాత్రం ఫోన్ చెయ్యి. అది నాతో పోట్లాడటం లేదు, అలగటం లేదు. పిలిస్తే పలుకుతుంది. నిన్న సాయంత్రం భోజనాలకు కూర్చున్నాం. ఎప్పటిలాగే ప్రార్థన చెయ్యడానికి తల వంచాను. ఇంకా నోరు తెరవనేలేదు. "ఆమెన్" అని చెప్పి పిచ్చుక తినడం మొదలుపెట్టింది.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళ నాన్న